ఎవరూ రావద్దు

అక్క మంత్రి పదవికి రాజీనామా చేసిన సంగతి తమ్ముడికి సెలూన్ కుర్చీలో తెలిసింది. అప్పటికి ఒక చెంప నున్నగా అయింది, రెండో చెంప మీద ఇంకా నురగ ఉంది. అద్దం పైన గోడకు బిగించిన టీవీలో అక్క మొహం కనిపించింది. కింద ఎర్రటి పట్టీలో అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి. గడ్డం గీస్తున్నాయన చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మగారు రాజీనామా అంటున్నారేంటి సార్? మీకు ముందే తెలుసా?"

"నాకు తెలియకుండా మా ఇంట్లో ఆకైనా కదులుతుందా?" అన్నాడు తమ్ముడు. "నువ్వు కానివ్వు."

తెలియదు. ఒట్టు, ఆవగింజంత కూడా తెలియదు. కానీ తెలియదని చెప్పడం అతని ఒంట్లోనే లేదు. రాజకీయాల్లో 'తెలియదు' అన్నవాడు మర్నాటికల్లా గుమ్మం బయట ఉంటాడు. అలా చాలామందిని బయట నిలబెట్టింది కూడా ఇతనే కాబట్టి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇతన్ని గురించి రెండు ముక్కలు ఇక్కడే చెప్పేసుకుంటే పోతుంది. ఊరందరికీ ఇతను 'తమ్ముడుగారు'. ఎనభై ఏళ్ళ ముసలావిడ కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి "తమ్ముడుగారూ, మా వీధి దీపం సంగతి చూడండి" అంటుంది. "రేపు నేను చచ్చినా ఫొటో కింద 'తమ్ముడుగారి భార్య' అనే రాస్తారు" అని ఇంట్లో భార్య వేళాకోళం ఆడుతుంది. వాళ్ళమ్మ పోయేనాటికి ఇతనికి నడక కూడా సరిగా రాదు. అక్క చంకనేసుకుని పెంచింది. అక్క పెళ్ళై వెళ్ళినప్పుడు సామానుతో పాటు ఇతనూ బావ ఇంటికి చేరాడు. ఎవరు వద్దన్నా వదిలి వచ్చేది కాదామె. అసలు వద్దన్నవాళ్ళే లేరు. బావ అతని పెట్టె తనే మోసుకుని లోపల పెట్టాడు.

బావ లెక్కల మాస్టారు. మాట బహు తక్కువ, అదీ పక్కవాడికి మాత్రం వినపడేంత. అందుకే ఆయన క్లాసులో పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చునేవారట. అక్క అందుకు పూర్తిగా తిరగేసిన మనిషి. మైకు లేకపోయినా చివరి వరస దాకా వెళ్ళే గొంతు. ఆ గొంతే ఆమెను వార్డు నుంచి ఊరికి, ఊరి నుంచి మంత్రి గదికి మోసుకుపోయింది. ఇంట్లో ఆమె మాట్లాడేది, ఆయన వినేవాడు. ఇద్దరికీ పిల్లలు కలగలేదు. బిడ్డ అన్నా, వారసుడన్నా తమ్ముడే.

ఆ వారసుడన్న మాట దగ్గరే ఉంది అసలు కథంతా. పార్టీకీ ప్రభుత్వానికీ పెద్ద అయిన పెద్దాయన వయసు మీద పడి త్వరలో కుర్చీ దిగబోతున్నాడు. ఆ కుర్చీ అక్కదేనని అందరూ అనుకుంటున్నారు. పెద్ద కుర్చీ ఎక్కినవాళ్ళు సొంత స్థానం వదిలేసి రాజధాని నుంచి పోటీ చేయడం ఆ పార్టీలో ఆనవాయితీ. అంటే అక్క పైకెక్కితే ఇక్కడి సీటు ఖాళీ. ఖాళీ అయితే ఎవరిది? జీవితమంతా జనాన్ని పోగేసి, ప్రకటనలు రాసి, అక్క వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ తమ్ముడిది. ప్రమాణం రోజున తొడుక్కోవడానికి బట్టలు కూడా కుట్టించుకున్నాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది భార్య వాటిని బీరువాలో పెడుతూ. అన్నందుకు ఆ పూట మాట్లాడలేదు ఆమెతో.

సరే, సెలూన్‌కి వద్దాం. టీవీలో అక్క కాగితం చూసి చదువుతోంది. మంత్రి పదవికి, శాసనసభ సభ్యత్వానికి, పార్టీ పదవులన్నిటికీ రాజీనామా. కారణం సొంత విషయం. చివర్లో తలెత్తి, "దయచేసి మా ఇంటికి ఎవరూ రావద్దు. నా నిర్ణయాన్ని గౌరవించండి" అంది.

ఆ మాట చెవిన పడగానే తమ్ముడి గుండెల మీంచి బండ దిగింది. హమ్మయ్య అనుకుని, నురగ ఉన్న చెంప కత్తి కిందికి తిప్పాడు.

ఎందుకంటే అక్కకు రాజీనామాలు కొత్త కాదు. ఒకసారి నీళ్ళ గొట్టాల పనులు ఆపేసినందుకు చేసింది. ఇంకోసారి ఏదో సంఘంలోంచి పేరు తీసేసినందుకు. మరోసారి పనికిమాలిన శాఖ అంటగట్టారని. ప్రతిసారీ ఇదే మాట: ఎవరూ రావద్దు. ఆ మాట లోకానికి కాదు, తమ్ముడికి. ఫోన్లు ఎవరు వింటారో తెలియని రోజులు కాబట్టి అక్కాతమ్ముళ్ళు అలా ఒప్పందం చేసుకున్నారు. అక్క రావద్దు అందంటే తమ్ముడు రప్పించాలి. సాయంత్రానికి ఇంటి ముందు రోడ్డు నిండాలి, ఆడవాళ్ళు ఏడవాలి, ఒకరిద్దరు స్పృహ తప్పాలి. మర్నాడు పెద్దాయన దగ్గర్నుంచి మనిషి రావాలి. అక్క గుమ్మంలోకి వచ్చి, "మీ ప్రేమకి తలవంచుతున్నాను" అని రాజీనామా వెనక్కి తీసుకోవాలి. తీసుకున్న ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కింది. ఈసారి ఎక్కాల్సింది ఆఖరి మెట్టు.

ఒక్కటే కొరుకుడు పడలేదు. ఇదివరకు ముందురోజే తనకు చెప్పేది. ఈసారి చెప్పలేదు. ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. అదీ మామూలే. బావ ఆరోగ్యం గొడవలో తీరిక దొరికి ఉండదు అనుకున్నాడు.

బావ కొన్ని నెలలుగా గొంతు జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. మంత్రి ఇంట్లో జబ్బు ఉందంటే పదిమంది పది కథలల్లుతారని, 'మామూలు పరీక్షలు, కోలుకుంటున్నారు' అని పత్రికలకు రాసిచ్చింది తమ్ముడే. అదే మాట ఎన్నిసార్లు చెప్పాడో, చివరికి తనే నమ్మేశాడు. తనాడిన అబద్ధాన్ని అందరికంటే ముందు తనే నమ్మే రకం అతను. మొన్ననే బావను ఇంటికి తీసుకొచ్చారు. ఇంటికి పంపారంటే నయమైనట్టే కదా, పళ్ళు పంపించాడు. వెళ్ళి గుమ్మంలోంచి తొంగి చూశాడు కూడా. బావ నిద్రపోతున్నాడు. అక్క పెదవుల మీద వేలు పెట్టి బయటికి వచ్చి, "సాయంత్రం ఒకసారి రారా, నీతో మాట్లాడాలి" అంది. "మీటింగుందక్కా, రేపొస్తా" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

సెలూన్ నుంచి ఇంటికి వెళ్ళేసరికి భార్య టీవీ ముందే నిలబడి ఉంది.

"ఏమండీ, వదినగారి మొహం చూశారా?"

"చూశాను. బాగా చేసింది."

"చేయడం కాదండీ. ప్రతిసారీ కెమెరాలోకి చూసి మాట్లాడతారు కదా. ఇవాళ ఎదురుగా గోడ గడియారం వైపు చూస్తున్నారు. ఎప్పుడు వదిలిపెడతారా, ఎప్పుడు ఇంటికెళ్ళిపోదామా అన్నట్టు."

"డ్రామా ముదిరింది, అంతే. నీకు రాజకీయం తెలియదు."

"నాకు రాజకీయం తెలియదు, వదినగారు తెలుసు. ఒకసారి వెళ్ళి కనుక్కోండి ముందు."

"వెళ్తాను. చేతులూపుకుంటూ వెళ్తానా? జనంతో వెళ్తాను."

అప్పటికే ఫోన్ మోగడం మొదలైంది. పక్క నియోజకవర్గం ఆయన, పాత మంత్రి, కొత్తగా చేరిన వ్యాపారి, అందరిదీ ఒకే ప్రశ్న. "ఏంటి తమ్ముడుగారూ, గురి పెద్ద కుర్చీకేనా?" తమ్ముడు నవ్వేవాడు. నవ్వి, "అక్క మనసులో ఏముందో నేనెలా చెప్పనండీ" అనేవాడు, అంతా చెప్పినట్టు. ఒకాయన ఇంకాస్త ముందుకెళ్ళి, "మీ సీటు కింద మా పిల్లాడికి ఏదైనా చూడండి" అన్నాడు. మీ సీటు. ఆ రెండు మాటలు తమ్ముడు ఆ పూటంతా నోట్లో చప్పరిస్తూనే ఉన్నాడు.

ఢంకాని పిలిపించాడు. ఢంకా అంటే నినాదాలకు ఆ ఊళ్ళో మొనగాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా అరిచినా గొంతు చీరని మనిషి, పైగా మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం కూడా వాడిదే.

"ఎంతమంది కావాలన్నా?"

"ఈసారి రోడ్డు కనపడకూడదు."

"మైకు గొట్టాలు?"

"నాలుగు పెట్టు. మూడు జనం వైపు, ఒకటి ఇంటి వైపు తిప్పి కట్టు. అక్క వినాలి కదా."

జనాన్ని లారీలెక్కించే ముందు పార్టీ ఆఫీసు వరండాలో నిలబడి ఎప్పుడూ చెప్పే పాఠమే మళ్ళీ చెప్పాడు. "ఎవరొచ్చి వెళ్ళమన్నా వెళ్ళొద్దు. పోలీసులు చెప్పినా సరే, నేనే వచ్చి చెప్పినా సరే. టీవీ వాళ్ళ ముందు నేను అలాగే చెప్పాలి కదా మరి. నేను దండం పెట్టానంటే మీరు రెట్టింపు అరవాలి. అర్థమైందా?"

అర్థమైంది అన్నారు అందరూ. పాతకాపులకు ఒకసారి చెప్తే చాలు.

మధ్యాహ్నం తిరిగేసరికి అక్క ఇంటి ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఈ మూల నుంచి ఆ మూల దాకా తలకాయలే. ఢంకా లారీ ఎక్కి, "అక్క కావాలి" అంటే జనం "అక్కే కావాలి" అన్నారు. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. టీవీ వాళ్ళు పక్క మేడలెక్కి కెమెరాలు బిగించారు. తమ్ముడు దూరం నుంచి ఒకసారి తేరిపారజూశాడు. ఇంత తక్కువ వ్యవధిలో ఇంత జనం ఎప్పుడూ రాలేదు. ఇది చూసి పెద్దాయన దిగిరాకపోతే అడగండి, అనుకున్నాడు. కడుపు నిండిపోయింది. వెనక సందులోంచి వంటింటి తలుపు తట్టాడు.

నర్సు తలుపు తీసింది. అతన్ని చూసి ఏదో అనబోయి, తల తిప్పుకుని లోపలికి దారిచ్చింది.

ఇల్లు చీకటిగా ఉంది. తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి. ఎంత కుక్కినా ఢంకా గొంతు గోడల్లోంచే వచ్చేస్తోంది. ముందు గదిలో బావ మంచం, పక్కన చిన్న పీట, పీట మీద అక్క. పొద్దున టీవీలో కట్టుకున్న చీరే, నలిగిపోయి ఉంది. తల దువ్వుకోలేదు.

"చూశావా అక్కా?" అన్నాడు తమ్ముడు, ఉబ్బితబ్బిబ్బవుతూ. "ఈ దెబ్బతో కుర్చీ నీదే. రాసిపెట్టుకో."

అక్క అతని వైపు తిరిగింది. "ఎవరు పిలిచార్రా వీళ్ళని?"

"అదేంటి? నువ్వేగా. రావద్దన్నావుగా."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం రాలేదు. వచ్చి ఉంటే తమ్ముడికి తేలికగా ఉండేది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని చూసుకుంటూ, "అవునురా," అంది. "అలాగే కదా అనేదాన్ని. ఈసారి నిజంగానే రావద్దన్నాను. ఇంకెలా చెప్పాలి? రావద్దు అనడానికి నా దగ్గర ఇంకో మాట లేదు."

"నిజంగా అంటే? రాజీనామా కూడా నిజంగానేనా? మరి నా—" అని ఆగిపోయాడు. నా సీటు అనబోయాడు. ఆ మాట గొంతులోంచి వెనక్కి పోయింది గానీ అక్క వినేసింది. పెంచిన మనిషి కదా.

"నీకు చెబుదామనే మొన్న రమ్మన్నాను," అంది. "బావకి ఇంక చేసేదేం లేదన్నారు డాక్టర్లు. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఇవాళో రేపో అన్నారు."

తమ్ముడు మంచం వైపు చూశాడు. అప్పుడే నిజంగా చూశాడు. కోలుకుంటున్నారు, కోలుకుంటున్నారు అని ఇన్ని నెలలు రాసిచ్చిన మనిషి అక్కడ లేడు. దిండు మీద ఒక చిన్న తల, సగం తెరిచిన కళ్ళు. దుప్పటి కింద ఒళ్ళు ఉందా లేదా అన్నట్టుంది. అతని పెట్టె మోసుకుని గుమ్మం దాటిన భుజాలు అవి.

"గొంతు పోయింది. ఊపిరే మాట," అంది అక్క. "చెవి ఆయన నోటికి ఆనిస్తే గానీ వినపడదు. పొద్దున్నుంచీ నాతో ఏదో చెప్పాలని చూస్తున్నారు. మొదలుపెడతారు, ఆయాసమొస్తుంది, ఆగిపోతారు. మళ్ళీ మొదలుపెట్టేసరికి..." చేత్తో కిటికీ వైపు చూపించింది. "పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నారు. ఈ ఎన్నికలవ్వనీ, ఈ సమావేశాలవ్వనీ, తర్వాత తీరిగ్గా కూర్చుందాం అంటూ వచ్చాను. ఈ రెండ్రోజులన్నా నోరు మూసుకుని ఆయన మాట విందామని అన్నీ వదిలేశానురా. అంతే. ఇంకే కుర్చీ లేదు, గురీ లేదు."

బయట ఢంకా "అక్క లేనిదే ఊరు లేదు" అన్నాడు. జనం అందుకున్నారు. మంచం మీద బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"వెళ్ళి ఆపించరా," అంది అక్క. "నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఇన్నేళ్ళలో తమ్ముణ్ణి ఆమె ఎన్నోసార్లు తిట్టింది, కొట్టింది, దగ్గరికి తీసుకుంది. బతిమాలింది లేదు. తమ్ముడు బయటికి పరిగెత్తాడు.

ముందు గేటు తీసుకుని, రెండు చేతులూ పైకెత్తి, "ఆపండి. అందరూ వెళ్ళిపోండి," అని అరిచాడు.

జనం హోరెత్తిపోయారు.

"నిజంగా చెప్తున్నాను. లోపల మనిషికి బాగోలేదు. దయచేసి వెళ్ళండి." దండం పెట్టాడు. దండం చూడగానే చెప్పిన పాఠం ప్రకారం రెట్టింపు అరిచారు. వెనకవాళ్ళకు అతని మాట వినపడలేదు, ముందువాళ్ళు విన్నా నమ్మలేదు. నమ్మకూడదని నేర్పించింది ఎవరు? చేసుకున్నవాడికి చేసుకున్నంత.

జనాన్ని తోసుకుంటూ లారీ దగ్గరికి వెళ్ళి, పైకెక్కి, ఢంకా చేతిలో మైకు పట్టుకుని లాగాడు. "ఆపరా. బావ పోతున్నాడు. నిజం రా, నీకు పుణ్యముంటుంది."

ఢంకా అతని మొహంలోకి చూశాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అబ్బ, ఏం చేస్తున్నాడ్రా అన్న అనుకున్నాడు వాడు, మనస్ఫూర్తిగా. కన్ను గీటి, మైకులో, "చూడండి, అక్క కోసం తమ్ముడుగారు ఎలా ఏడుస్తున్నారో చూడండి," అన్నాడు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. కింద నుంచి పది చేతులొచ్చి తమ్ముణ్ణి లారీ మీంచి భుజాల మీదికి దించుకున్నాయి. అతను తన్నుకున్నాడు. తన్నుకున్నకొద్దీ ఇంకా పైకెత్తారు. అలా తలల మీదుగా అతన్ని ఇంటి ప్రహరీ దాకా మోసుకొచ్చారు.

లోపల బావకు ఊపిరి ఆడటం లేదని నర్సు అప్పుడే కిటికీ తెరిచి ఉంటుంది. గోడ ఎత్తున భుజాల మీద కూర్చున్న తమ్ముడికి గదిలో మంచం సూటిగా కనిపించింది. బావ మొహం ఇటువైపే ఉంది. అక్క మంచం మీదికి పూర్తిగా వంగి, తన చెవిని ఆయన నోటికి ఆనించింది. రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుంది.

బావ పెదవులు కదిలాయి. మెల్లగా, విడివిడిగా, క్లాసులో ఆఖరి బెంచీ పిల్లాడికి లెక్క చెప్పినట్టు. ఒక మాటో రెండో. అయిపోయాక కళ్ళు ఎత్తి, అర్థమైందా అన్నట్టు చూశాడు.

అదే సమయానికి ఇంటివైపు కట్టిన గొట్టంలోంచి "అక్క కావాలి" అని వచ్చింది. వెనక నుంచి వేలమంది "అక్కే కావాలి" అన్నారు.

అక్క తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఏంటండీ, ఏమన్నారు, అని అడగడం తమ్ముడికి కనిపించింది. మళ్ళీ చెవి ఆనించింది. అలాగే ఉండిపోయింది. చాలాసేపు ఆనించే ఉంది. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసినా లేవలేదు. లేచాక కిటికీలోంచి బయటికి చూసింది. జనాన్ని, జెండాలను, భుజాల మీద ఉన్న తమ్ముణ్ణి. తిట్టలేదు, తలుపు వేసుకోలేదు. చూసింది, అంతే.

తరవాత నర్సు గేటు దగ్గరికి వచ్చి పోలీసాయనతో ఏదో చెప్పింది. ఆయన టోపీ తీశాడు. ఆ తీయడం చూసి ముందు వరస నోరు మూసింది, ఆ వెనక వరస, ఆ వెనకది. ఢంకా మైకు వైరు పీకేశాడు. తమ్ముణ్ణి కిందికి దించి, "అన్నా, నువ్వు నిజంగా చెప్తున్నావనుకోలేదన్నా," అని ఏడ్చాడు. వాణ్ణేమంటాడు? వాడి తప్పేముంది? అంత నిశ్శబ్దం ఆ వీధిలో అంతకు ముందెప్పుడూ లేదు. ఒక్క పావుగంట ముందు వచ్చినా ఎవరికైనా పనికొచ్చేది.

మర్నాడు బావను సాగనంపారు. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. వాళ్ళెవరూ పిలిస్తే వచ్చినవాళ్ళు కాదు. అంతా అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నప్పుడు పెద్దాయన కారు దిగాడు. అక్క ఎదురుగా కూర్చుని, చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పి, లేచి, తమ్ముణ్ణి వసారా చివరికి తీసుకెళ్ళాడు.

"మీ అక్కని అడిగాను. ఇంక రానంది. ఆమెకోసమే కుర్చీ అట్టిపెట్టాను, ఏం చేస్తాం." భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక్కడి సీటు నీదే. నిన్నటి జనాన్ని చూశాను. నువ్వు ఏడ్చింది చూడని ఇల్లు లేదు. ఈ వేడి చల్లారకముందే ఎన్నిక పెట్టిస్తాను. సిద్ధంగా ఉండు."

"మీ దయండి," అన్నాడు తమ్ముడు.

మనసు ఇంకా మాట అందుకోకముందే నోరు అనేసింది. అలవాటు అలాంటిది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మాట. దానికోసం ఎంతమందికి గొడుగు పట్టాడో, ఎన్ని అబద్ధాలు రాసిచ్చాడో. తీరా చెవిన పడ్డాక ఏమీ అనిపించలేదు. సంతోషం లేదు సరికదా, కనీసం సిగ్గు కూడా వెంటనే రాలేదు. పెద్దాయన కారు తలుపు వేసుకున్నాక వచ్చింది సిగ్గు. అక్కడే స్తంభాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. కాదంటానని వెనకాలే పరిగెత్తాడా అంటే, లేదు. ఆ నిజం కూడా చెప్పాలి కదా.

అక్కకు చెప్పకుండా ఉండటం చేతకాక ముందు గదిలోకి వెళ్ళాడు. మంచం మీద పరుపు తీసేశారు. అక్క అదే పీట మీద కూర్చుని ఉంది. భార్య ఆమెకు కాసిన్ని పాలు తాగిద్దామని చూసి చూసి గ్లాసు పక్కన పెట్టి, అతన్ని చూసి లేచి వెళ్ళిపోయింది.

"ఇచ్చాడా?" అంది అక్క.

"ఇచ్చాడు."

"మంచిది. నీకు రావాలనే ఉండేది నాకు." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అతను తట్టుకునేవాడు. "నీ బట్టలు బీరువాలో ఉన్నాయటగా. నీ పెళ్ళాం చెప్పింది ఎప్పుడో. బావ విని నవ్వారు."

తమ్ముడు ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "అక్కా, నేను చంపేశానక్కా."

"నువ్వు చంపలేదు. ఆయనకి రోజులు నిండాయి." ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. ఆ తల దువ్వి పెంచిన చెయ్యి. "ఒకటి అడుగుతాను. దీనికి మాత్రం నాకు తప్పుడు జవాబు చెప్పకు. నా చెవి ఆయన నోటి దగ్గరుంది. మొహం నాకు కనపడలేదు. నీకు కనపడింది. గోడ మీంచి నువ్వు సూటిగా చూస్తున్నావు. ఏమన్నార్రా?"

తమ్ముడికి ఆ పెదవులు కళ్ళకు కట్టినట్టున్నాయి. ఒకసారి తెరుచుకున్నాయి, దగ్గరపడ్డాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. అది నీళ్ళు కావచ్చు. చాలు కావచ్చు. ఆమె పేరు కావచ్చు. వెళ్ళొస్తానని కావచ్చు. అతనికి తెలియదు. కానీ తెలియదని చెప్పడం అతనికి పుట్టుకతో రాలేదని ముందే చెప్పుకున్నాం. పైగా మాటలు అల్లడం అతని బతుకు. అక్క ఊళ్ళో పలికిన ప్రతి మంచి మాటా అతను రాసిందే. క్షణంలో బావ నోట పలికితే నప్పే మాటలు అరడజను తయారైపోయాయి. పొట్టి మాటలు, లెక్కల మాస్టారి మాటలు. అందులో ఏ ఒక్కటి చెప్పినా ఆమె మిగిలిన రోజులన్నీ దాన్ని దగ్గర పెట్టుకుని బతికేస్తుంది. చెప్తే పుణ్యమే అనిపించింది. ఇప్పుడైనా ఆమెకు ఒక మంచి చేసినవాణ్ణవుతాను అనిపించింది.

నోరు తెరిచాడు.

అక్క అతని మొహంలోకే చూస్తోంది. ఆ మొహం మీద అబద్ధం పుట్టకముందే ఆమెకు తెలుస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. చప్పున అరచెయ్యి తెచ్చి అతని నోటికి అడ్డం పెట్టింది.

"చెప్పకురా," అంది. "నువ్వేం చెప్పినా నేను నమ్మేస్తాను."

ఆ చెయ్యి అతని నోటి మీంచి తీయకుండానే ఏడ్చింది.